దేవుడి పూల కవరు

శనివారం, రాత్రి

సబ్బుతో రెండుసార్లు కడిగినా చేతుల కంపు పోలేదు.

పొద్దున నేను ఇన్‌స్టిట్యూట్‌కి బయల్దేరుతుంటే, ఇంటి ఓనర్ ఆంటీ ఎప్పటిలాగే వారం రోజుల పూజ పూలన్నీ ప్లాస్టిక్ కవర్లో ముడేసి నా చేతికిచ్చింది.

"పంజగుట్ట కాడ నాలాల ఏసిపో బిడ్డా."

"చెత్తబండికి ఇచ్చేద్దాం ఆంటీ."

"దేవుని పూలు చెత్తల ఏస్తరా? పారే నీళ్లల్లనే ఎయ్యాలె."

పారే నీళ్లట! ఆ మురుగు నాలాలో నీళ్లు కనిపిస్తేగా. అన్నీ ముడేసిన కవర్లే. వాటి మధ్య ఉబ్బిపోయిన పందికొక్కు ఒకటి. ఛీ! ఇంత భక్తిగా ముడేసి ఇందులోకా విసిరేది? ఆరు నెలలుగా ప్రతి శనివారం నేనూ విసిరాను. ఇది హుస్సేన్‌సాగర్‌లోకి, మూసీలోకి, కృష్ణలోకి, చివరికి హంసలదీవి దగ్గర మా ఊరి సముద్రంలోకే పోతుందని తెలిసీ విసిరాను.

ఇవాళ విసరలేకపోయాను. కవరు వెనక్కి తెచ్చి, ముడి విప్పి, కుళ్లిన పూలన్నీ డాబా మీది మల్లె కుండీ మట్టిలో కప్పెట్టాను. ఆ కంపే ఇది. వచ్చే వారం ఆంటీకి ఏం చెప్పాలో తెలియదు.

అసలు ఆంటీని తిట్టుకోవడానికి నాకు నోరెక్కడిది? చిన్నప్పుడు నాన్న వల లాగితే చేపలతో పాటు ఇలాంటి కవరే వచ్చింది. లోపల బంతిపూలు, కుంకుమ. నాన్న దాన్ని కళ్లకద్దుకుని, "గంగమ్మ సొత్తమ్మా, మనం ఉంచుకోకూడదు," అంటూ మళ్లీ సముద్రంలోకే వదిలాడు.

పక్కనే నిలబడి నేను దండం పెట్టాను.