ఫ్లెక్సీలో నా ఫోటో

శనివారం, పలమనేరు.

రేపటి నా ప్రవచనానికి ఫ్లెక్సీ చేయమని సునందను నేనే అడిగాను. తిరుపతిలో గ్రాఫిక్ డిజైన్ చదివే కూతురుండగా బయటివాళ్లెందుకని. వారమంతా కూర్చుని ఏడు రకాలుగా వేసింది. చివరికి ఉంచింది ఒక్కటే: నిండా నీలం, మధ్యలో స్వామి, అడుగున చిన్న అక్షరాల్లో నా పేరు.

ఫ్లెక్సీ షాపులో అందరి ముందూ అరిచాను. "నా ఫోటో యాడమ్మా? స్వామి చిన్నగా ఉన్నా పర్వాలేదు, నేను రోడ్డుకి కనపడాల!"

"రేపు చెప్పేది అహంకారం గురించే కదా నాయనా, అందుకే తీసేసినా."

"నాకే నేర్పిస్తావా?"

"ఫ్లెక్సీ ఇంకో రెండడుగులు పెంచమంటారా సామీ?" అన్నాడు షాపాయన. ఎగతాళి అని అప్పుడు తెలియలేదు. సునంద అక్కడే కూర్చుని, స్వామిని తగ్గించి నా ఫోటో పెద్దగా పెట్టి ఇచ్చింది.

ఇందాక శ్లోకాలు రాసుకోవడానికి కాగితం కోసం తన నోటుపుస్తకం తెరిచాను. తన డిజైన్లలో ఎవరు ఏ లోపం చెప్పినా ఉన్నదున్నట్టు రాసుకోమని కాలేజీలో వాళ్ల మేడం చెప్పిందట. ఈరోజు పేజీలో నా మాటే ఉంది: "స్వామి చిన్నగా ఉన్నా పర్వాలేదు." పక్కన టిక్కు. సరిచేశాను, అని రాసుంది.

రేపు చెప్పాల్సిన గ్రంథం ఎదురుగానే ఉంది. తెరవడానికి చేయి రావడం లేదు. రేపు ఆ ఫ్లెక్సీ కిందే నిలబడాలి. సునంద ముందు వరుసలో కూర్చుంటుంది…