మూడో నెలలో చలిజ్వరం

ఆగస్టు 9, సోమవారం

మళ్లీ కక్కాను. బడి వెనక, మొండిగోడ దగ్గర. రెండో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ సగంలో లేచి పరుగెత్తాను. ఆడపిల్లల తలల నిండా ఆముదం. ఆ వాసన ఈ మధ్య నా పేగుల్ని బయటికి లాగుతోంది. తిరిగి వచ్చేసరికి పిల్లలంతా నోళ్లు మూసుకుని నా ముఖమే చూస్తున్నారు. ఎందుకు చూస్తారు? ఎక్కం చెప్పండి అని అరిచాను. ఒకతె ఏడ్చింది. ఏడవనీ.

మూడో నెల వచ్చింది. పెళ్లయిన నాలుగో ఏట. అందరూ ఎదురుచూసిన కడుపు... నేను తప్ప అందరూ సంతోషంగా ఉన్నారు.

ఆగస్టు 10

ఈయన పొద్దున్నే సైకిల్ తుడుచుకుంటూ కీర్తన పాడుకున్నాడు. మిషన్ వాళ్లు చుట్టూ పది ఊళ్లు ఈయనకు అప్పజెప్పారు — వాక్యం చెప్పి రావడానికి. పది ఊళ్లలో దానియేలు పంతులంటే ఎంత మర్యాదో. ఇంట్లో బిందెడు నీళ్లు తెమ్మంటే మాత్రం మోకాలు నొప్పి.

ఆగస్టు 11, బుధవారం

అత్త తన ఊరి నుంచి దిగింది. కోడలిని చూసుకోవడానికట. మూట విప్పకముందే నా మంచం ఈ గోడ నుంచి ఆ గోడకు మార్పించింది. దక్షిణం గాలి మంచిది కాదట. ఆ తర్వాత బెల్లం దాచింది, వేడి చేస్తుందని. జొన్నగట్క కలిపి ముందు పెట్టింది. గట్క వాసనకే లేచి బయటికి పోయాను.

"ఏంది పిల్లా గింత దానికే? దానియేలు కడుపుల ఉన్నప్పుడు నేను నీళ్లాడే దినం దాంక దొర చేన్ల కలుపు దీసిన."

తెలుసు. ఆ కాన్పు కథ పెళ్లయినప్పటి నుంచి వింటున్నాను. ఆ చేనులోనే నన్నూ కలుపు తియ్యమంటుందా? నేను బడిలో పాఠం చెప్పడానికి నార్మల్ ట్రైనింగు అయినదాన్ని. నా తల్లి కూడా కలుపు తీసింది, నేను తియ్యకూడదనే పాలమూరు బోర్డింగులో వేసింది. ఇవన్నీ నోటి దాకా వచ్చాయి. మింగాను. ఈమధ్య మింగగలిగింది అదొక్కటే.

ఆగస్టు 12

బలపం తిన్నాను. పిల్లల పలకల దగ్గర పడి ఉన్న ముక్క. మొదట వాసన చూశాను, తర్వాత కొరికాను. ఎంత కమ్మగా ఉందో! రెండోది దొంగిలించాను. టీచరమ్మ దొంగ.

పెద్ద పంతులమ్మకు ఇంకా చెప్పలేదు. కడుపు కనపడేసరికి ఇంట్లో కూర్చోవాలి, అది మా బడి రూలు. పిల్లలు చూడకూడదట. ఈ పిల్లలు ఇళ్లలో మేకలు ఈనడం చూసి బడికి వస్తారు. నన్ను చూస్తే చెడిపోతారా?

ఆగస్టు 14, శనివారం

మధ్యాహ్నం చలి. ఎండలో కూర్చుని ఉండగానే వేళ్లు నీలంగా అయ్యాయి. పళ్లు టకటకమని కొట్టుకున్నాయి. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పారు, చివరికి గొంగడి కూడా. తర్వాత నిప్పుల్లో వేసినట్టు జ్వరం. తర్వాత చెమట. సాయంత్రానికి ఏమీ లేనట్టు లేచి కూర్చున్నాను. ఎండదెబ్బ అంది అత్త. వానాకాలంలో ఎండదెబ్బ!

ఆగస్టు 15

బాగానే ఉంది. ప్రార్థనకు వెళ్లాను. ఈయన ప్రసంగంలో సహనం గురించి చెప్పాడు. నా వైపు చూడకుండా చెప్పాడు.

ఆగస్టు 16, సోమవారం

మళ్లీ చలి. అదే వేళకు, బడిలోనే. పిల్లలే ఇంటికి నడిపించుకొచ్చారు. అత్త ఈసారి ఎండదెబ్బ అనలేదు. చలిజ్వరం అంది. దినం విడిచి దినం వచ్చేది. అన్నాక నోరు మూసుకుంది. ఆమె నోరు మూసుకుంటే నాకు భయం.

ఆగస్టు 17

ఇక్కడి దవాఖానకు వెళ్లాను. కాంపౌండరు ముఖం ఎత్తకుండానే చలిజ్వరానికి వేసే క్వినైన్ లేదన్నాడు. ఎప్పుడు వస్తుందంటే —

"జంగ్ నడుస్తాంది గదమ్మా. ఫౌజుకే సరిపోతలేదు. నీకేడికెల్లి తేవాలె?"

ఎక్కడో ఏ దేశాల వాళ్లో కొట్టుకుంటున్నారు. బియ్యం పోయింది, కిరసనాయిలు పోయింది, ఇప్పుడు గోళీలు కూడా. జర్మనీ వాడికీ జపాను వాడికీ నేనేం చేశాను? రంగునీళ్ల సీసా ఒకటి ఇచ్చాడు. దారిలో పారబోశాను.

సాయంత్రం ఇంట్లో రభస. నల్లగొండ పెద్ద దవాఖానలో క్వినైన్ దొరుకుతుంది, తెప్పించుకుంటాను అన్నాను. అత్త చేటలో జొన్నలు ఏరుతోంది. చేట కింద పెట్టింది.

"కొయినా మింగితే కడుపు నిల్వదు బిడ్డా. మా మరియమ్మకు గట్లనే పాయె. నా చేతులతోనే మింగిచ్చిన."

మరియమ్మ ఈయన అక్క. ఆమెకు పిల్లలు లేరని మాత్రమే తెలుసు. ఈ సంగతి ఇన్నేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు. ఈయనను చూశాను. గోడను చూస్తున్నాడు. ఈయనకు తెలుసు!

ఆగస్టు 18, బుధవారం

చలి వచ్చింది. ఈసారి ఇంకా గట్టిగా. ఒళ్లంతా ఎగిరెగిరి పడుతుంటే లోపలున్నది ఏమవుతుందో అని రెండు చేతులతో పొట్టను పట్టుకున్నాను. పట్టుకుంటే ఆగుతుందా... వెర్రిదాన్ని.

జ్వరం దిగాక ఈయన పక్కన కూర్చుని ప్రార్థన మొదలుపెట్టాడు. బయట చేసుకో అన్నాను. నిజంగానే లేచి బయటికి వెళ్లాడు. అది చూసి ఇంకా కోపం వచ్చింది. ఒక్క మాట ఎదురు చెప్పవచ్చు కదా.

ఆగస్టు 19

పొద్దున లేచేసరికి ఈయన లేడు, సైకిల్ లేదు. ఊళ్లకు పోయాడనుకున్నాను. అత్తను అడిగితే ఎటు పోయాడో తనకు తెలియదంది. అబద్ధం. తెల్లారకముందే రొట్టె చేసి కట్టిచ్చింది, పొయ్యి ఇంకా వేడిగా ఉంది.

ఆగస్టు 20, శుక్రవారం

చలి మధ్యలో ఉండగా వచ్చాడు. బురద, మోకాలి దాకా. సైకిల్ చక్రం వంగింది. నల్లగొండ దాకా పోయి, నిన్నంతా దవాఖాన వరండాలో కూర్చుని, అక్కడి నర్సమ్మను బతిమాలి తెచ్చాడట. కాగితం పొట్లంలో గోళీలు. కొన్నే.

నర్సమ్మ చెప్పి పంపిన మాట: గోళీ వల్ల కడుపు పోవచ్చు, పోకపోవచ్చు, ఈ జ్వరం ఇట్లాగే వస్తే మాత్రం తల్లికే మంచిది కాదు. కొంచెం కొంచెంగా మింగాలి. వీలైనంత తొందరగా నన్ను దవాఖానకు తీసుకురావాలి.

పోవచ్చు, పోకపోవచ్చు. ఇంత చదువు చదివి చెప్పేది ఇదా?

అత్త పొట్లం వైపు చూడలేదు. లేచి బయటికి వెళ్లి కంపగోడ పక్కన కూర్చుంది.

చెమట పట్టాక మింగాను. చేదు కాదు అది, విషం. నాలుక మీద నుంచి పోవడం లేదు.

ఆగస్టు 21

గోళీ మింగినప్పటి నుంచి చెవుల్లో రాట్నం తిరుగుతున్నట్టు మోత. ఈయన ఏదో అంటున్నాడు, పెదవులు కదులుతున్నాయి, వినపడదు. కొంచెం హాయిగానే ఉంది.

ఆగస్టు 22, ఆదివారం

చలి రాలేదు. ఆ వేళ దాటిపోయింది. దుప్పటి పక్కన పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. నవ్వు కూడా వచ్చింది.

సాయంత్రం చీరకు మరక.

పెద్దది కాదు. కానీ ఎర్రగా ఉంది.

ఆగస్టు 23

పడుకోబెట్టారు. మంచం కాళ్ల వైపు ఇటుకలు పెట్టారు. తల కిందికి. బల్లిలా పైకప్పు చూస్తున్నాను.

అత్త ఒక్క మాట అనలేదు. నేను చెప్పలేదా అనలేదు. నా గుడ్డలు తనే తీసుకుపోయి తనే ఉతికింది. తిట్టినా బాగుండేది. ఆమె తిడితే నేనూ తిట్టేదాన్ని, జంగు మీద, కాంపౌండరు మీద, మరియమ్మ సంగతి దాచినందుకు అందరి మీద. ఆమె ఊరికే వచ్చి నా పాదాల దగ్గర కూర్చుంటుంది. ఉతికి ఉతికి ఆమె వేళ్లు నాని ముడతలు పడ్డాయి. అవి చూడలేను.

ఆగస్టు 24

మరక ఉంది. చిన్నది.

బలపం కావాలనిపించింది. లేవనివ్వరు.

ఆగస్టు 25, బుధవారం

పెద్ద పంతులమ్మ చూడటానికి వచ్చింది. అరటిపళ్లు తెచ్చింది. అందరికీ తెలిసిపోయింది. పిల్లలే చెప్పారట. మేకలు ఈనడం చూసే పిల్లలు కదా.

"విశ్రాంతి తీసుకో సుగుణమ్మా. నీ క్లాసు మిర్యాలగూడ నుంచి వచ్చిన కొత్త టీచరు పిల్లకు ఇచ్చిన. దాని గురించి ఫికర్ వద్దు."

నిన్ననే ఇచ్చిందట. నన్ను అడగకుండానే. కడుపు నిలుస్తుందో లేదో దేవుడికే తెలియదు, నా ఉద్యోగం పోవడానికి మాత్రం ఎవరూ ఆలస్యం చేయలేదు. ఒకవేళ నిలవకపోతే తిరిగి రానిస్తారా అని అడిగాను. ఆమె ముఖం తెల్లబోయింది. అట్లాంటి మాట అనకూడదంది. ఎందుకు అనకూడదు? మీరంతా రాత్రింబవళ్లు అనుకుంటున్న మాటే కదా.

వెళ్లాక అరటిపళ్లన్నీ అత్తకు ఇచ్చేశాను.

ఆగస్టు 26

మరక లేదు. పొద్దున లేదు, సాయంత్రం కూడా లేదు. నాలుగుసార్లు చూసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే పోతుందేమో.

ఆగస్టు 30, సోమవారం

నల్లగొండ వెళ్లాం. బొగ్గుతో నడిచే బస్సు. వెనక కుంపటి మండుతుంటే ఆ పొగంతా లోపలికే. ప్రతి గుంతకీ నేను సీటు పట్టుకుని లేచి నిలబడ్డాను, దెబ్బ తగలకూడదని. ఈయన నా కింద తన తువాలు మడిచి వేశాడు. చాలదు. చాలదని చెప్పాను. తన చొక్కా కూడా విప్పి వేశాడు. బస్సులో అందరూ చూశారు. బనీనుతో కూర్చుని కిటికీలోంచి ఆముదపు చేలు చూస్తున్నాడు.

దవాఖానలో డాక్టరమ్మ పట్నం మనిషి. ఉర్దూలో మాట్లాడింది, నర్సమ్మ తెలుగులో చెప్పింది. అవసరం లేదు, నాకు అర్థమవుతూనే ఉంది. చల్లటి చేత్తో పొట్ట అంతా ఒత్తి చూసింది. చాలాసేపు. నేను ఆమె ముఖం చదవాలని చూశాను. ఏమీ లేదు ఆ ముఖంలో, రాయి.

"ఇప్పుడే చెప్పరాదమ్మా," అంది నర్సమ్మ. "నెత్తురు ఆగింది, గది మంచిదే. లోపల పెరుగుతాందా లేదా అన్నది మెల్లగ తెలుస్తది. కదిలేదాంక ఓపిక పట్టాలె."

జ్వరం మళ్లీ వస్తే అని అడిగాను. వస్తే మళ్లీ మింగాలి. మింగితే మళ్లీ నెత్తురు కనపడితే? దానికి డాక్టరమ్మ ఉర్దూలో చెప్పింది — నీ ప్రాణం ముందు. నర్సమ్మ అది తెలుగులో చెప్పలేదు.

ఇంకొన్ని గోళీలు ఇచ్చారు.

ఆగస్టు 31

కక్కలేదు. మూడు దినాలుగా కక్కలేదు. ఆముదం వాసన కూడా ఏమీ చేయడం లేదు. పక్కింటామె తల దువ్వుకుంటుంటే దగ్గరికి పోయి నిలబడ్డాను, కావాలనే. ఏమీ లేదు.

మంచిదేనా అది? చెడ్డదా?

ఎవరినీ అడగను.

సెప్టెంబరు 2, గురువారం

అత్తతో గొడవ. చిన్న విషయానికే, కుండ మీద మూత పెట్టలేదని. ఇన్నాళ్లూ దాచుకున్నదంతా ఒక్కసారిగా వచ్చేసింది. మరియమ్మ సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను. ముందే చెబితే నేను నా నిర్ణయం నేను చేసుకునేదాన్ని కదా అన్నాను.

అత్త మూత చేతిలోకి తీసుకుని అంది, "చెప్తే నువ్వు బుగులువడుదువని. నాకే గా మాట నోట్లకెల్లి వస్తలేకుండె."

నేను భయపడతానని దాచిందట! మూత పెట్టి వెళ్లిపోయింది. నేనే గెలిచాను. కానీ అన్నం సయించలేదు.

సెప్టెంబరు 3, శుక్రవారం

మధ్యాహ్నం. వేళ్లు నీలంగా ఉన్నాయి.

మొదట నమ్మలేదు. ఎండలోకి వచ్చి కూర్చున్నాను. లేదు, అదే చలి. నడుములోంచి పైకి పాకుతోంది. ఈయన ఊళ్లకు పోయాడు. ఇంట్లో మేమిద్దరమే.

అత్త చూసింది. ఏమీ అడగలేదు. లోపలికి వెళ్లి పొట్లం తెచ్చింది — ఇన్నాళ్లూ చేత్తో కూడా ముట్టనిది. ఒక గోళీ తీసి నా అరచేతిలో పెట్టింది. చెంబుతో నీళ్లు పక్కన పెట్టింది. మింగుతావా, వద్దా అని అడిగింది.

నువ్వే చెప్పు అన్నాను.

"ఒక్కపారి చెప్పిన గదా బిడ్డా. ఇగ నేను చెప్ప."

గోళీ చేతిలో ఉంది. అక్షరాలు వంకర పోతున్నాయి. పళ్లు కొట్టుకోవడం మొదలైంది. ఇంకాసేపట్లో రాయలేను. ఆమె నా ఎదురుగా, గడప మీద కూర్చుని ఉంది. నా చేతి వైపు చూడటం లేదు. వాకిట్లోకి చూస్తోంది. గొంగడి తెచ్చి ఒళ్లో పెట్టుకుంది, కానీ కప్పడం లేదు...