పెద్దవాళ్లు లేని మ్యాట్నీ

సోమవారం

సాహితి మళ్లీ అదే అడిగింది. ఆదివారం మ్యాట్నీకి దాని స్నేహితురాళ్లు నఫీసా, హారిక వెళ్తున్నారట. పెద్దవాళ్లెవరూ లేకుండా. "నేనూ వెళ్తానమ్మా."

పదకొండేళ్ల పిల్ల. షుగర్ బయటపడిన దగ్గర్నుంచి అన్నానికి ముందు ఇన్సులిన్, వేలు గుచ్చి చూడటం... అన్నీ నా కళ్లముందే.

చూద్దాం అన్నాను. నా చూద్దాంకి అర్థం దానికి తెలుసు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

మంగళవారం

వద్దనడానికి కారణం వెతికాను. నా భయం తప్ప ఏమీ దొరకలేదు.

పంపిస్తాను.

బుధవారం

ఈయన మైలవరం స్కూలు నుంచి రాగానే చెప్పాను. చొక్కా విప్పుతూ ఆగిపోయారు. "వెనక వరసలో ఒక టికెట్ తీసుకుని కూర్చో. దానికి తెలీదు."

"తెలిస్తే?"

"తెలీకుండా కూర్చో."

కూర్చోను. పంపించానని చెప్పి వెనకాలే నక్కి చూడటం నా వల్ల కాదు.

అత్తయ్యది వేరే బాధ. "హాల్లో సూది తీస్తే అందరూ చూడరూ? ఆడపిల్ల. నలుగురికీ తెలిస్తే రేపు ఎవరు చేసుకుంటారే?" షుగర్ సంగతి బయట ఎవరికీ చెప్పనని మనవరాలి చేత ఎప్పుడో మాట తీసుకున్నారు. నఫీసాకీ, హారికకీ కూడా తెలియదు.

పంపించడం మాత్రం మానను.

శుక్రవారం

డాక్టరుగారికి ఫోన్ చేశాను. "పంపించండమ్మా. ఎప్పటికైనా తనే చూసుకోవాలి కదా. పక్కన ఉండే ఒక్కరికైనా విషయం తెలియాలి, అంతే" అన్నారావిడ.

సాయంత్రం సాహితితో కూర్చున్నాను. షుగర్ తగ్గి చేతులు వణికితే? "జ్యూస్." తర్వాత? "పావుగంట ఆగి మళ్లీ చూసుకుంటా." అయినా తక్కువే ఉంటే? "ఇంకో జ్యూస్. నీకు ఫోన్. ఇవన్నీ నాకు తెలుసమ్మా."

నఫీసాకి చెప్పవే అన్నాను. తల అడ్డంగా ఊపింది. "నాన్నమ్మకి మాటిచ్చా."

ఆదివారం, మధ్యాహ్నం

ముగ్గుర్నీ మాల్ ముందు దింపి అదే ఆటోలో వెనక్కి వచ్చేశాను. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు దిగి వెనక్కి నడుద్దామా అనిపించింది. దిగలేదు.

కుట్టడానికి తెచ్చిన జాకెట్టుకి హుక్కులు వేస్తున్నా. సూదిలో దారం ఎక్కడం లేదు.

ఇంటర్వెల్‌లో మెసేజ్ పెడతానంది. అది అయిపోయే ఉంటుంది. మెసేజ్ లేదు.

ఈయన బండి తాళం తీశారు. "ఒకసారి చూసొస్తా." కూర్చోండి అన్నాను. కూర్చున్నారు.

ఇంకా లేదు. చెప్పులు వేసుకున్నాను. విప్పేశాను.

వచ్చింది— "షుగర్ తగ్గింది. జ్యూస్ తాగా. ఇప్పుడు ఓకే. ఫోన్ చేయకు, సినిమా నడుస్తోంది."

ఆదివారం, సాయంత్రం

దోసెలు తింటూ చెప్పింది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆవిడ బ్యాగు తెరిచి జ్యూస్ ప్యాకెట్లు, ఇన్సులిన్ పెన్ను బయట పెట్టిందట. ఇవేవీ లోపలికి తీసుకెళ్లకూడదంది. వెనక పెద్ద లైను. హారికేమో "వదిలెయ్యవే, లోపల కూల్‌డ్రింక్ కొనుక్కుందాం" అని చెయ్యి పట్టి లాగిందట.

"అప్పుడేం చేశావు?"

"నాకు షుగరండీ, ఇవి లేకుండా లోపలికి వెళ్లకూడదు, మీ మేనేజర్ని పిలవండి అన్నా."

"అందరి ముందూ?"

"ముందు మెల్లగానే చెప్పా. ఆవిడకి వినపడలేదు. అందుకని గట్టిగా."

మేనేజరు వచ్చి చూసి వాటితోనే లోపలికి పంపించాడు. ఇంటర్వెల్ తర్వాత చేతులు వణికితే, చీకట్లో వేలు గుచ్చుకోవడానికి నఫీసా ఫోన్ లైటు పట్టుకుందట.

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి విన్నారు. "నాకిచ్చిన మాట ఏమైందే?"

"ఆ జ్యూస్ అక్కడే వదిలేస్తే పడిపోయేదాన్ని నాన్నమ్మా."

అత్తయ్య నావైపు చూశారు. అది చేసిందే సరైన పని, ఇక ఎవరి దగ్గరా దాచేది లేదు అత్తయ్యా— అన్నాను. ఇన్నాళ్లలో ఆవిడకి ఎదురు చెప్పడం ఇదే మొదలు. గదిలోకి వెళ్లిపోయారు. భోజనానికి రాలేదు.

సోమవారం

అత్తయ్య మాట్లాడటం లేదు.

పొద్దున్నే నఫీసా వాళ్లమ్మ పర్వీన్ గారు ఫోన్ చేశారు. షుగర్ తగ్గితే ఏం చేయాలో తనకీ, నఫీసాకీ నేర్పమన్నారు. రేపు రమ్మన్నాను.

హారిక వాళ్లమ్మది మెసేజ్. "వచ్చే నెల మళ్లీ వెళ్తారటండీ. సాహితి సంగతి ఇప్పుడే తెలిసింది. చిన్నపిల్లలు, వాళ్ల మీద అంత బాధ్యత పెట్టగలమా? సాయంత్రం వచ్చి మాట్లాడతాను."

ఆవిడ భయం తప్పనలేను. పోయిన సోమవారం నాదీ అదే.

స్కూలు నుంచి రాగానే సాహితికి చూపించాను. రెండుసార్లు చదివింది. "నేనే చెప్తానమ్మా. నువ్వు పక్కన కూర్చో చాలు." ఆవిడ ఒప్పుకోకపోతే? భుజాలు ఎగరేసింది. కానీ అప్పట్నుంచీ ఏమీ తినలేదు, అడిగితే తర్వాత అంటోంది. ముందు తిను, తర్వాతే మాటలు అని ప్లేటు చేతిలో పెట్టాను.

అయిదు దాటింది. ఆవిడ ఇంకా రాలేదు. అత్తయ్య మాత్రం చీర మార్చుకుని వచ్చి హాల్లో కుర్చీలో కూర్చున్నారు. ఎవరి తరఫున మాట్లాడతారో... అడగలేదు నేను.