ఒక్క పేజీ యుద్ధం

సోమవారం, ఉదయం 7:10
నిర్ణయం జరిగిపోయింది! బల్లమీద బొమ్మ సైనికులతో చేసే యుద్ధం ఎవరికైనా పది నిమిషాల్లో వచ్చేలా నియమాలన్నీ ఒక్క పేజీలో రాస్తాను. ఆరేళ్లుగా నాతో ఆడే ఒకే ఒక్క మనిషి, మందుల షాపాయన, నెలాఖరుకి ఊరు మారుతున్నాడు. ఈలోగా కొత్తవాళ్లు దొరక్కపోతే మూడు వందల పన్నెండు మంది సైనికులూ అటకెక్కుతారు. తలచుకుంటేనే దిగులుగా ఉంది.

సాయంత్రం 6:00
పేజీ పూర్తి! నడక, బాణం, పాచిక. అంతే. నేను సర్వేయర్ని కాబట్టి కొలతలు మాత్రం మిల్లీమీటర్లలో ఇచ్చాను.

మంగళవారం
కొండ ఎక్కేటప్పుడు నడక సగమని రాయలేదు. రాయకపోతే ఎలా? వెనకవైపు రాశాను. కాగితం ఒక్కటేగా.

గురువారం
పదిహేడు కాగితాలు. పదకొండు మినహాయింపులు. మినహాయింపులకో విషయసూచిక. బావమరిదిని కూర్చోబెట్టాను. వంతెన దాటడం గురించి చెబుతుండగా ఫోన్ వచ్చిందని బయటికెళ్లాడు. ఫోన్ బల్లమీదే ఉంది.

శనివారం, 4:00
పది రోజులుండి పోదామని వచ్చిన అత్తగారు కుర్చీ లాక్కుని, తాను ఆడతానన్నారు. కట్ట ఇవ్వబోతే మొదటి పేజీ చదివి మిగతాది పక్కన పెట్టేశారు. ఇది చాలట! ఎగిరి గంతేసినంత పని చేశాను.

4:50
నా ఎడమ దళం పోయింది. కొత్తవాళ్ల అదృష్టం.

5:15
ఆవిడ గుర్రాలు నా కోటకి తొంభై మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయి. వానలో గుర్రాలు కదలవని గుర్తుచేశాను. ఆ నియమం అప్పుడే పుట్టింది.

"ఎక్కడ పడుతోంది అల్లుడుగారూ, వాన?"

పడుతోందనుకోవాలన్నాను. ఆవిడ గుర్రాలను పెట్టెలో సర్దేసి, కూరగాయలు తరగడానికి వెళ్లిపోయారు.

5:40
నియమాలు లేకపోతే ఆట సంత అయిపోదా అని మా ఆవిడని అడిగాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ పని అంది. నిజమే. సిగ్గేసింది. మందుల షాపాయన కాక, ఆరేళ్లలో నన్ను ఓడించడానికి తనంతట తాను వచ్చి కూర్చున్న మనిషి అత్తగారొక్కరే.

ఆదివారం, ఉదయం 8:00
మళ్లీ మొదలు! కొత్త కాగితం. నడక, బాణం, పాచిక. చివర్లో, ఆట మధ్యలో నేను నియమం పెట్టకూడదని రాశాను. వంటింట్లోకి తీసుకెళ్లి అత్తగారి చేతికిచ్చాను.

"నిన్న గెలిచింది నేనని కూడా రాయండి" అన్నారు.

రాశాను. సంతకం పెట్టాను. దాని కింద 'అయితే' అని మొదలుపెట్టబోతుంటే ఆవిడ కాగితం లాక్కున్నారు. సంతకం కింద మిగిలిన ఖాళీ అంతా కత్తెరతో కత్తిరించి, సరుకుల చీటీ రాసుకోవడానికి పెట్టుకున్నారు. ఆట తొమ్మిదింటికి.