చెంబెడు నీళ్లు

పతారా,
మే నెల మొదటి వారం

ప్రియమైన జెవ్‌దెత్‌కి,

ఫోనులో నువ్వు "ఊఁ" తప్ప ఇంకేమీ అనవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పెరిహాన్, సెవిమ్, నేను, రిటైరైన పంతులమ్మలం ముగ్గురం క్షేమం. బళ్లో ఏళ్ల తరబడి పిల్లలకు మ్యాపు మీద వేలు పెట్టి చూపించిన పతారా నేలను ఇవాళ కాళ్లతో తొక్కాను. శిథిలమైన నాటకశాల మెట్ల మీద కూర్చుని రొట్టె, చీజ్, టమాటాలు తిన్నాం. పెరిహాన్ టోపీని మేక తినేసింది. సెవిమ్ బట్టలు తగ్గించుకుని మరీ రెండంతస్తుల టీ కెటిల్ మోసుకొచ్చింది. దారిలో ఒక రైతు ఆపి, "ఈ వయసులో వీపున సంచులేసుకుని ఎక్కడికమ్మా?" అని అడిగితే, "బడి ఎగ్గొట్టి వచ్చాం, ఎవరికీ చెప్పకు నాయనా" అంది సెవిమ్.

ఒక్క మాట అడుగుతాను. ఊరెళ్లే వాళ్ల వెనక నీళ్లు పోయడం నువ్వు మరిచిపోయే మనిషివి కాదు. నీళ్లలా సాఫీగా వెళ్లి, నీళ్లలా తిరిగి రావాలని మన అబ్బాయి సైన్యానికి వెళ్తే బకెట్టెడు కుమ్మరించావు. కింది వాటాలో మునెవ్వెర్ అక్క పిల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే దాని వెనకా పోశావు. నా వెనక మాత్రం తలుపేసుకున్నావు. నేను తిరిగి రానక్కర్లేదనా?

కాష్ పోస్టాఫీసుకు జవాబు రాయి, వెళ్లి తీసుకుంటాను.

పిల్లిపాటి చేయని నీ భార్య,
నిగార్

*

ఎస్కిషెహిర్

ప్రియమైన నిగార్‌కి,

ఇక్కడ అంతా బాగానే ఉంది. చిక్కుడు గింజలు వండాను, మాడాయి. పెద్ద గిన్నె ఎక్కడ పెట్టావు? విరిగిన రాళ్లు చూడ్డానికి అంత దూరం వెళ్లాలా? మా రైలింజన్ల వర్క్‌షాపు వెనక కావలసినన్ని ఉన్నాయి. మోకాళ్లు జాగ్రత్త.

నీళ్ల సంగతి. ఆ పూట కుళాయి రాలేదు. అంతే.

కడుపు మాడిన
జెవ్‌దెత్

*

కాష్

ప్రియమైన అబద్ధాలకోరుకి,

పెద్ద గిన్నె పొయ్యి కింద అరలో ఉంది. కుళాయి రాలేదంటావా? నువ్వు నిండు చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడటం నేను మెట్లు దిగుతూ చూశాను. తరవాత తలుపు చప్పుడూ విన్నాను.

ఇక్కడ నడివీధిలో రాజుగారి సమాధి ఉంది, దానికి ఆనించి స్కూటర్లు పెట్టుకుంటారు. "వేల ఏళ్ల సమాధికి స్టాండేశావేం నాయనా?" అని నేను ఒకతన్ని కోప్పడితే, "ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదమ్మా" అన్నాడు. నువ్వు గుర్తొచ్చావు. రిటైరైన దగ్గర్నుంచి నువ్వూ ఏమీ అనవు. రేడియోతో తగవులాడతావు గానీ నాతో మాట్లాడవు. బయల్దేరే ముందు "నువ్వూ రా" అని ఎన్నిసార్లు బతిమాలాను!

చెప్పాల్సింది ఇంకొకటుంది. చిరాలీలో తన తమ్ముడి నారింజ తోట, అందులోని అద్దె గదులు ఇక పెరిహానే చూసుకుంటుందట. "నువ్వూ ఉండిపోవే, ఇద్దరం నడుపుదాం. ఇంటికెళ్లి ఆ మూగమొద్దు మొహం చూస్తూ కూర్చుంటావా?" అంటోంది. మామూలుగా అయితే తిట్టేదాన్ని. ఈసారి తిట్టలేదు.

నేను రావాలో వద్దో నీ నోటితో చెప్పు. దెమ్రే పోస్టాఫీసుకు రాయి.

నిగార్

*

దెమ్రే

జెవ్‌దెత్,

నీ ఉత్తరం రాలేదు. కౌంటర్లో అమ్మాయి నా మొహం చూసి జాలిపడి ఇంకోసారి వెతికింది. సెవిమ్ టీ పెట్టి ఇచ్చింది, పెరిహాన్ నా సంచి కూడా తనే మోసింది. కొండలో తొలిచిన సమాధులు ఇక్కడ ఎంతో బాగున్నాయట. నాకు సరిగ్గా కనబడలేదు, ఏడుస్తున్నాను కాబట్టి.

ఒలింపోస్ శిథిలాల మీదుగా దిగితే చిరాలీ. అక్కడికి చేరగానే పెరిహాన్‌కు సరేనని చెప్పేస్తాను. వేళకు మందులు వేసుకో.

నిగార్

*

చిరాలీ,
పెరిహాన్ తమ్ముడి నారింజ తోట

ప్రియమైన నా నిగార్‌కి,

ఈ ఉత్తరం నువ్వు దిగే గదిలో దిండు మీద పెడుతున్నాను. ఎదురుగా నిలబడితే నేను మళ్లీ "ఊఁ" అనే అంటాను. నా సంగతి నీకు తెలియనిదా!

కాష్ నుంచి నువ్వు రాసింది అందగానే జవాబు రాయడానికి కూర్చున్నాను. పోస్టు కంటే బస్సే ముందు చేరుతుందనిపించి లేచాను. దెమ్రేలో నువ్వు వెతుక్కుంటావని బస్సెక్కాక గాని తట్టలేదు. తిట్టు, పడతాను.

నీళ్లెందుకు పోయలేదంటే, పోస్తే వెళ్లమన్నట్టే కదా. నిన్ను పంపడం నాకు ఇష్టం లేదు. పోయకపోతే రావద్దన్నట్టు అవుతుందని మాత్రం ఈ మొద్దు బుర్రకు తట్టలేదు. ఆ నిండు చెంబు నేను బయల్దేరేదాకా గుమ్మం దగ్గరే ఉంది. మొక్కలకు కూడా పోయబుద్ధి కాలేదు.

నేను బయల్దేరేటప్పుడు వెనక పోసేవాళ్లెవరున్నారు? మునెవ్వెర్ అక్కని అడగడానికి సిగ్గేసింది. తాళం వేసి, నా వెనక నేనే పోసుకుని, ఆ నీళ్ల మీదే కాలుజారి మెట్ల కింద తేలాను. "నిగార్ లేకపోతే నిలబడటం కూడా చేతకాదేంరా నీకు!" అంది అక్క తలుపు తీసి. నిజమే.

మడమ వాచింది. గదుల్లో కుళాయిలన్నీ కారుతున్నాయి, రెండు బిగించాను. పెరిహాన్‌కు కావలసింది ఒక్క మనిషేనా, ఓ కుంటి ఫిట్టరు కూడా పనికొస్తాడా, అడిగి చూడు. నువ్వు ఇక్కడే ఉంటానంటే ఇక్కడే ఉంటాను. ఇంటికంటే ఇంటికి.

మీరింకా ఫాసెలిస్ శిథిలాలు చూడాలి కదా. చూసి రండి. చెంబు సంచిలో వేసుకుని తెచ్చాను, తోటలో బావి ఉంది. రేపు పొద్దున నువ్వు గేటు దాటగానే నీ వెనక పోస్తాను. తిరిగొచ్చేసరికి ఈ చెట్ల కిందే ఉంటాను.

నీ
జెవ్‌దెత్