బాత్రూము గోడలో చీమలు

నరసాపురం, ఆదివారం

తమ్ముడు పల్లంరాజుకి అక్క దీవెనలు. ఫోన్లో చెబితే నవ్వేసి పెట్టేస్తావు, అందుకే ఈ కార్డు.

నాన్న ఒంటికి వెళ్ళిన చోట చీమలు బారు కట్టేవి, గుర్తుందా? ఆయన పోయాక అవీ పోయాయి. నాకు షుగరు వచ్చినప్పుడు బాత్రూము గోడ కన్నంలోంచే మళ్ళీ వచ్చాయి. బిళ్ళలు వేసుకున్నాక మానేశాయి. చీమలు లేవు కదా అని రెండేళ్ళు రక్తపరీక్షే చేయించలేదు. పోయిన నెల నాలుగు రోజులు బాత్రూము నిండా చీమలే. భయమేసి నిన్న ఆసుపత్రికి వెళ్ళాను.

"మూడు నెలల సగటు చూశానండి. ఉండాల్సిన దాని కంటే ఎక్కువే, కానీ చీమలు పట్టేంత షుగరు మీకు లేదు. అంత పెరగక ముందే కిడ్నీలు దెబ్బ తింటాయండి, మీకు మూత్రంలో ప్రోటీన్ పోవడం మొదలైంది" అన్నారు డాక్టరు గారు. ఇప్పటి నుంచి జాగ్రత్తపడితే అది ముదరకుండా ఆపొచ్చట.

ఉప్పు తగ్గించమన్నారు, ఎండు నెత్తళ్ళ చేపలు పంపకు. బోటు ఇంజను బాగైందా? మరదలు వీరదుర్గ మోకాలి నొప్పి ఎలా ఉంది? పాప హారతికి నా ముద్దులు.

వేటకి వెళ్ళకముందే రక్తం, మూత్రం రెండూ పరీక్ష చేయించుకో. ఆ చీమలు నావి కావురా. నువ్వు మా ఇంట్లో ఉన్న నాలుగు రోజులే వచ్చాయి. నువ్వు బస్సెక్కిన మర్నాటి నుంచి ఒక్కటీ లేదు.

మీ అక్క
సత్యకుమారి