మీ వీధికి కట్టిన రేటు

వదినకు నమస్కరించి,

రేటు పెరిగిందని మనిషి ఒక పని మానుకుంటే, అది ఇష్టపడి మానుకున్నట్టా, గతిలేక మానుకున్నట్టా? చదువుకునే రోజుల నుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది. ఇన్నాళ్లూ పుస్తకాల్లో ఉండేది. ఇప్పుడు మీ వీధిలో కాపురం పెట్టింది.

ఇక్కడ అందరం కులాసా. అన్నయ్యకు ఆయాసం తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది. చిన్నదాని సంగతి అడిగావు. దాని పరీక్షలు అయిపోయాయి, పొద్దున్నే దాన్ని లేపడమే ఇప్పుడు నాకు పరీక్ష. మా ఆయన మోకాలు నయం. మెట్లెక్కుతున్నారు, గొణుగుడు మాత్రం తగ్గలేదు.

"సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మా వీధికి కరెంటు రేటు మూడింతలు చేసిన మహానుభావుడెవరో మీ కరెంటాఫీసులో కనుక్కో. ఇస్త్రీపెట్టె కాల్చి వాడి నెత్తిన పెడతాను" అని కూడా రాశావు. ఆ సంగతికి వస్తాను.

మంగళవారం ఆఫీసు పని మీద మీ వీధి దాకా వచ్చి, గడప తొక్కకుండా వెళ్లానని పక్కింటావిడ చెప్పిందటగా. నిజమే. పోయిన వేసవిలో ఇంటింటా ఒకేసారి ఏసీలు వేస్తే మీ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది కదా. రెండు రోజులు కరెంటు లేక, ఆక్సిజన్ యంత్రం ఆగిపోయి, అన్నయ్యను ఆసుపత్రికి మోసుకెళ్లాం. ఈ ఏడు రేటు పెంచాక ఆ మూడు గంటల వాడకం బాగా పడిపోయింది. "వీధంతా బుద్ధిగా సర్దుకుంది మేడమ్" అని మా ఇంజనీరు గ్రాఫు చూపించి మురిసిపోయాడు. సర్దుకున్నదెవరో కళ్లారా చూద్దామని వచ్చాను.

ఎదురుగా మందుల షాపు మెట్ల మీద నిలబడ్డాను. నీ లాండ్రీలో బాయిలరు ఆపేసి ఉంది, రెండు ఇస్త్రీ బల్లలూ ఖాళీ. వాచ్‌మన్ ఒకాయన యూనిఫారం పట్టుకొచ్చాడు.

"తొమ్మిది దాటాక రండి, చేసిచ్చేస్తా."

"ఏడింటికి డ్యూటీ ఎక్కాలమ్మా. అందాకా గేటు కాడ ఎవరుంటారు, నీ ఇస్త్రీపెట్టా?"

నువ్వు నవ్వావు, ఆయనా నవ్వాడు. నవ్వుతూనే పక్క వీధి లాండ్రీకి నడిచాడు. ఆ వీధి ట్రాన్స్‌ఫార్మరు వేరు, దాని మీద అంత వాడకం బరువు లేదు, అక్కడ పాత రేటే. నేను తలెత్తి చూశాను. మీ వీధి మేడల మీద ఏసీలు ఒక్కటీ ఆగలేదు. ఇచ్చుకోగలవాళ్లు ఇచ్చుకుంటున్నారు. తగ్గిన వాడకంలో పెద్ద వాటా నీ బాయిలరుదీ, మూలనున్న పిండిమరదీ.

ఆ మహానుభావుడు నేనే వదినా. మూడింతలన్నది నా లెక్క, మీ వీధిని ఎంచిందీ నేనే. అన్నయ్య యంత్రం మళ్లీ ఆగకూడదనే ఎంచాను. నువ్వు ఇస్త్రీ చేసిచ్చిన బట్టలు కట్టుకునే కాలేజీకి వెళ్లినదాన్ని, లెక్క కడుతున్నప్పుడు నీ బల్లలు నాకు గుర్తే రాలేదు. లోపలికి వచ్చి ఈ మాట ముఖాన చెప్పలేకపోయాను.

సోమవారం ఈ పద్ధతి మీ వీధిలో ఉంచి, ఊళ్లో బరువెక్కువున్న వీధులన్నిటికీ పెట్టమనే కాగితం మీద నా సంతకం కావాలి. చిన్న కొట్లను మినహాయిస్తే తగ్గిన బరువు చాలావరకు తిరిగొస్తుంది. మీ వీధికి పెద్ద ట్రాన్స్‌ఫార్మరు రెండేళ్లకు గాని రాదు. రేటు తీస్తే అన్నయ్య ఊపిరికి భయం, ఉంచితే నీ బేరాలు పక్క వీధికి. సంతకం పెట్టాలో మానాలో, ఇంత రాశాక కూడా నాకు తేలలేదు.

ఇట్లు,
నీ ఆడపడుచు